ఎనభై ఏడో వంతు ఇంజను

సోలాపూర్ కుమఠా నాకాలో పెరిగిన నాకు చిన్నప్పటి నుంచీ రెండు చప్పుళ్లు చెవిలో ఉండిపోయాయి. ఒకటి మగ్గాలది. రెండోది రాత్రి ఊరంతా సద్దుమణిగాక పట్టాల వైపు నుంచి వినవచ్చే గూడ్సు ఇంజనుది. మగ్గం ఒకే తాళంలో ఆడుతుంది. డీజిల్ ఇంజను మాత్రం బరువు మీద పడ్డకొద్దీ గొంతు మారుస్తుంది. బండి కదిలేటప్పుడు గుక్కపట్టి దగ్గినట్టుంటుంది, కదిలాక ఊపిరి నిలకడ పడుతుంది.

మా నాయిన చద్దర్ల డిజైన్లకు మగ్గంలో వాడే చిల్లుల జకార్డ్ అట్టలు కొట్టేవాడు. పనికిరాక పక్కన పడేసిన అట్టలతోనే నా మొదటి ఇంజను చేశాను. రంగు వేశాక ఇంజనులాగే ఉందని అందరూ మెచ్చుకున్నారు. దాన్ని నమూనా అనకూడదని, బొమ్మ అనాలని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

పోలిక, కొలత

తెలుగునేల మీద బొమ్మల విద్యకు కొదవ లేదు. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రను చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకులు వేస్తారు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ లక్క రంగు పట్టిస్తారు. ఆ బొమ్మలకు పోలిక ప్రాణం. ఏనుగు కాళ్లు కాస్త పొట్టిగా ఉన్నా అందమే.

స్కేలు నమూనాకు కొలత ప్రాణం. బండి పొడవు ఎన్నో వంతుకు తగ్గితే చక్రమూ, మెట్టూ, తలుపు గొళ్లెమూ అన్నో వంతుకే తగ్గాలి. జర్మనీకి చెందిన మార్క్లిన్ సంస్థ 1891లో లైప్‌జిగ్ సంతలో బొమ్మ రైళ్ల పట్టాలకు వెడల్పుల వరసను నిర్ణయించి ఈ విద్యకు దారి వేసింది. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువమంది పట్టుకున్నది హెచ్ఓ స్కేలు. అంటే అసలులో ఎనభై ఏడో వంతు. ఈ లెక్కలో ఐదడుగుల తొమ్మిదంగుళాల డ్రైవరు రెండు సెంటీమీటర్ల మనిషి అవుతాడు.

మా లైను ఇంజను

సోలాపూర్‌కు రైలు వచ్చింది 1860లో. 1871లో రాయచూరు దగ్గర మద్రాసు రైల్వే పట్టాలు కలిశాక బొంబాయి, మద్రాసుల నడుమ దారి పూర్తయింది. ఆ పొడవాటి దారిలో వాడీ, దౌండ్ మధ్య మొన్నమొన్నటి దాకా కరెంటు తీగలు లేవు. ఎంత బరువైనా డీజిలే లాగేది. అందుకే నేను చేయడానికి ఎంచుకున్నది డబ్ల్యూడీజీ-3ఏ.

ఆ పేరులోనే దాని పుట్టుపూర్వాలు ఉన్నాయి. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజి, డీ అంటే డీజిల్, జీ అంటే గూడ్సు, 3ఏ అంటే 3100 హార్స్‌పవర్. పదహారు సిలిండర్లు, ఆరు ఇరుసులు, ఇరుసుకో మోటారు, మొత్తం 123 టన్నులు. దీని వంశం అమెరికాలోని ఆల్కో కంపెనీది. అక్కడి నుంచి మొదటి డబ్ల్యూడీఎం-2 ఇంజన్లు 1962లో మన దేశానికి వచ్చాయి. 1964 నుంచి వారణాసిలో తయారయ్యాయి. ఆల్కో 1969లో ఇంజన్ల తయారీ మానేసినా, వారణాసివాళ్లు ఆ మూలాన్నే మెరుగుపరుస్తూ పోయి 1990ల నడుమ ఈ గూడ్సు ఇంజనును రూపొందించారు. గుత్తి, కాజీపేట షెడ్లవాళ్లకు ఇది ఇంటి మనిషి.

గేజి చిక్కు

మన ఇంజన్లను చిన్నవి చేసేవాళ్లకు మొదట ఎదురయ్యేది పట్టాల తగువు. మన బ్రాడ్‌గేజిలో రెండు పట్టాల నడుమ దూరం 1676 మిల్లీమీటర్లు. ఎనభై ఏడో వంతు చేస్తే 19.26 వస్తుంది. బజారులో దొరికే హెచ్ఓ పట్టా 16.5 మాత్రమే, ఎందుకంటే అది యూరప్, అమెరికాల 1435 మిల్లీమీటర్ల గేజికి సరిపెట్టినది. బజారు పట్టా మీద నిలబెడితే మన ఇంజను చక్రాలు లోపలికి ముడుచుకుపోతాయి, వెడల్పాటి ఒంటికి ఇరుకు చెప్పులు తొడిగినట్టు. చాలామంది దానికి సర్దుకుంటారు, దొరికే చక్రాలూ మోటార్లూ వాడుకోవచ్చు కనుక. కొందరు పట్టుబట్టి ఇరుసులు పొడిగించి, పట్టాలు తామే వేసుకుంటారు. నేను రెండో దారి పట్టాను.

ఈ పట్టుదల నేర్పింది నాయిన డిజైన్లు గీసే గ్రాఫు కాగితమే. అంగుళానికి పడుగు పోగులు ఎన్ని, పేక పోగులు ఎన్ని అన్న నిష్పత్తి ప్రకారం ఆ కాగితం గళ్లు ఉండాలి. ఆ నిష్పత్తి చూడకుండా ఉత్త చదరపు గళ్లలో గీస్తే బల్ల మీద గుండ్రంగా ఉన్న పువ్వు చద్దరులో సాగిపోతుంది. కొలత కళ్లకు కనిపించదు కానీ, తప్పితే ఇట్టే కనిపిస్తుంది.

చేసే తీరు

కత్తెర పట్టుకోవడం కన్నా చాలా ముందే పని మొదలవుతుంది. రెండు పక్కల నుంచీ, ముందూ వెనకా, వీలైతే వంతెన మీది నుంచి పైకప్పు కూడా ఫొటోలు తీయాలి. కొలత తెలిసిన వస్తువు ఒకటి ఫొటోలో ఉంటే మిగతావన్నీ దాన్నుంచి లెక్క కట్టవచ్చు. నాకు ఆ ఆధారం చక్రం. కొత్త చక్రం వ్యాసం 1092 మిల్లీమీటర్లు, నమూనాలో పన్నెండున్నర.

తర్వాత బోగీ, అంటే చక్రాలూ ఇరుసులూ అమరిన చట్రం. ఆరితేరినవాళ్లు నమూనాలో ముందు చూసేది దాన్నే. డబ్ల్యూడీఎం-2 బోగీలో మధ్య ఇరుసు సరిగ్గా నడిమధ్యన ఉండదు, ఒక పక్కకు జరిగి ఉంటుంది. డబ్ల్యూడీజీ-3ఏకి పట్టాను గట్టిగా పట్టే వేరే రకం బోగీ ఉంది. ఒకదాని బోగీ మరోదానికి తగిలిస్తే ముఖం ఒకరిది, నడక ఇంకొకరిది అయిపోతుంది.

ఒంటికి పీవీసీ రేకు కానీ, మంచి బిరుసైన అట్ట కానీ పనికొస్తుంది. ఇంజను యంత్రాలను కప్పే పొడవాటి హుడ్డు తలుపులు ఒక్కొక్కటీ విడిగా కోసి అతికించాలి. గీత గీసి తలుపు అనిపిస్తే వెలుతురు పడ్డప్పుడు అంచుకు నీడ రాదు. గుప్పిటతో పట్టుకునే కమ్మీ మూడు సెంటీమీటర్ల మందం అనుకుంటే, నమూనాలో మిల్లీమీటరులో మూడో వంతు ఇత్తడి తీగ కావాలి. లోపల నడిమధ్య ఒక మోటారు, రెండు పక్కలా బరువు చక్రాలు, అక్కడి నుంచి మరతో బోగీలకు తిప్పుడు. బరువు చక్రాల వల్లనే ఇంజను కుదుపు లేకుండా కదులుతుంది, ఆగుతుంది.

రంగు డబ్బాలోది ఉన్నదున్నట్టు వేయకూడదు. చిన్న వస్తువు మీద రంగు ముదురుగా కనిపిస్తుంది, కాస్త తెలుపు కలపాలి. ఆ పైన మురికి. పొగగొట్టం వెనక మసి, డీజిలు పోసే మూత కింద చార, బ్రేకుల పొడికి గోధుమరంగు తిరిగిన బోగీలు, అడుగున సోలాపూర్ నల్లరేగడి దుమ్ము. మురికి ఎక్కడ పడాలో తెలియాలంటే బండి ఎలా పనిచేస్తుందో తెలియాలి.

లెక్కకు లొంగనిది

పొడవు 87వ వంతు అయితే బరువు 87ను మూడుసార్లు గుణించినంత తగ్గుతుంది. ఆ లెక్కన 123 టన్నుల ఇంజను 187 గ్రాములే. అంత తేలికైతే చక్రాలు జారి డబ్బాలను లాగలేదు, అందుకని లోపల సీసం ముక్కలు పెడతాం. వేగం మాత్రం లొంగుతుంది. గంటకు వంద కిలోమీటర్లంటే నమూనాకు సెకనుకు 32 సెంటీమీటర్లు. ఇంతకన్నా తొందరగా పరిగెత్తిస్తే అది బొమ్మైపోతుంది.

ఎందుకింత శ్రమ

మా లైను మీద ఇప్పుడు తీగలు వచ్చాయి. వారణాసి కార్ఖానా 2020లో పేరులోంచి డీజిల్ అన్న మాట తీసేసింది. ఆల్కో వంశం ఇంజన్లు ఒక్కొక్కటే తుక్కుకు వెళుతున్నాయి. మ్యూజియంలో ఒకటో రెండో నిలుపుతారు, వందల టన్నులు దాచుకునే చోటు ఎవరికీ ఉండదు. నమూనా ఆ చోటు అడగదు. పుణె కోత్‌రూడ్‌లో 1998 నుంచి జోషీవారి చిన్న రైళ్ల మ్యూజియం నడుస్తోంది. అక్కడ పిల్లలు గాజుకు ముక్కు ఆనించి నిలబడటం చూస్తే, చిన్నదైన వస్తువు దగ్గరికి మనిషి ఎంతగా వంగుతాడో తెలుస్తుంది. అసలు ఇంజను పక్కన మనం దూరంగా జరుగుతాం. నమూనా ముందు వంగి, మెట్లు లెక్కపెట్టి, ఈ మెట్టెక్కి రాత్రంతా నిలబడి బండి నడిపినవాడిని తలుచుకుంటాం. ఒకరి శ్రమకు మరొకరు ఓపికతో చేసే నమస్కారం ఇది.

ఇంజను పూర్తయిన రోజు నాయినకు చూపించాను. ఆయన బాగుందనలేదు. ఫొటో అడిగి తీసుకుని, పోగులు లెక్కపెట్టే అలవాటున్న వేలితో హుడ్డు పొడవునా కమ్మీ నిలువులు ఒక్కొక్కటే తాకుతూ పోయాడు. ఒకచోట వేలు ఆగింది.

"ఇక్కడ ఒకటి తక్కువుంది బిడ్డా."

చూస్తే నిజమే. ఆ రాత్రి కమ్మీ విప్పి నిలువు పెట్టి మళ్లీ అతికించాను. తెల్లారి నాయిన మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టి, ఈసారి వేలు ఎక్కడా ఆపకుండా చివరిదాకా తీసుకుపోయాడు.