సున్నాల రిజిస్టరు

హౌస్‌సర్జన్‌గా ఉన్న రోజుల్లో నేను కొలవకుండా రాసిన బీపీలకు లెక్కలేదు. గేటు దాకా ఓపీ లైను, ఉన్నది ఒకటే మిషను, దానికీ గాలి లీకు. 130/80 అని రాస్తే ఎవరూ అడగరు. మందు మొదలుపెట్టేంత ఎక్కువా కాదు, అనుమానం వచ్చేంత తక్కువా కాదు. ఏ ఆస్పత్రో మాత్రం అడక్కండి. ఇప్పుడు కమ్యూనిటీ మెడిసిన్ పాఠాలు చెబుతూ ఆ బాకీ వడ్డీతో సహా తీరుస్తున్నాను.

మొన్న సెకండియర్ అమ్మాయి ఒకతె వచ్చింది. మెడికోల కోసం ఐసీఎంఆర్ 1979 నుంచి నడుపుతున్న ఎస్‌టీఎస్ అనే పథకం కింద రెండు నెలల చిన్న పరిశోధన చేస్తుందట. రేపు ఫ్యామిలీ మెడిసిన్‌లోకి వెళ్తానంటుంది, తెచ్చిన టాపిక్ మాత్రం ఐసీయూది! తప్పు ఆమెది కాదు, మేం చూపించేదే అది. 1961లో కెర్ వైట్ బృందం ఒక లెక్క కట్టింది. వెయ్యి మంది పెద్దవాళ్లలో నెలకు 750 మందికి ఏదో ఒక నలత చేస్తుంది. డాక్టరు గడప తొక్కేది 250 మంది, ఆస్పత్రిలో చేరేది 9 మంది, యూనివర్సిటీ ఆస్పత్రి దాకా వచ్చేది ఒక్కరు. అమెరికా, బ్రిటన్ లెక్కలే అనుకోండి. మేం నాలుగున్నరేళ్లూ పాఠం చెప్పేది ఆ ఒక్కరిని మంచం మీద చూపించి.

అందుకే పీహెచ్‌సీకి తీసుకెళ్లి బీపీ రిజిస్టరు ముందు కూర్చోబెట్టాను. గంటసేపు పేజీలు తిప్పి, ‘సార్, అన్నీ సున్నాలే’ అంది. 140/90, 150/90, 130/80. పాదరసం మిషను మీద గీతలు రెండేసి అంకెలకు ఒకటి ఉంటాయి. నిజంగా చూసి రాస్తే ఐదింట ఒకటి సున్నాతో ముగియాలి. ఐసీయూ టాపిక్ ఆ పూటతో పోయింది, బీపీయే టాపిక్ అయింది.

తర్వాత వారం కొలవడం నేర్చుకోవడానికే సరిపోయింది. మనిషిని ఐదు నిమిషాలు ఊరికే కూర్చోనివ్వాలి, వీపు ఆనాలి, పాదాలు నేల మీద ఉండాలి, చెయ్యి గుండె ఎత్తున ఉండాలి, మాట్లాడించకూడదు, రెండుసార్లు చూడాలి. పుస్తకంలో ఇది నాలుగు లైన్లు. అక్కడ వీపు ఆనే కుర్చీ ఒక్కటే ఉంది, అందులో ఫార్మసిస్టు ఉన్నాడు. డిజిటల్ మిషన్లొచ్చాక సున్నాల జబ్బు తగ్గింది గానీ, ఎండన పడి రొప్పుతూ వచ్చిన మనిషి చేతికి అప్పటికప్పుడే పట్టీ చుట్టే అలవాటు పోలేదు.

ఇక సమ్మతి పత్రం. ‘స్వచ్ఛందముగా పాల్గొనుటకు అంగీకరించుచున్నాను’ అని చదివి వినిపిస్తే, ఒక అవ్వ ‘ఏలు పెడితే పింఛన్ పోదు గద బిడ్డా?’ అంది. ఆ ప్రశ్నతో పత్రం మొత్తం తిరగరాశాం. వేలిముద్ర వేసేవాళ్లకు సంబంధం లేని సాక్షి ఒకరు ఉండాలి. మా అమ్మాయి ఆశా కార్యకర్తను పిలవబోయింది. వద్దన్నాను. రేపు ఇంటికి మాత్రలు తెచ్చేది ఆమే, ఆమె ఎదురుగా కాదనడం ఎవరివల్ల అవుతుంది?

ఆ అవ్వకే బీపీ చూస్తే 166/94. మళ్లీ చూస్తే 162/92. ప్రశ్నల కాగితంలో ‘మందులు క్రమం తప్పకుండా వాడుతున్నారా? అవును/కాదు’ అని ఉంది. ‘ఏసుకుంటున్న’ అంది అవ్వ. అవును మీద టిక్కు పడింది. కొంగుముడి విప్పి మాత్రల అట్టలు చూపించింది. ఒక అట్ట ఖాళీ, నీళ్లు పోయే మాత్రది మాత్రం నిండుగా ఉంది.

‘ఇదేంది అవ్వా?’

‘పత్తి ఏరే దినాలల్ల అది ఏసుకోను బిడ్డా. మాటిమాటికి ఒంటికొస్తది. ఆ చేన్ల చాటేడుంది?’

అమ్మాయి కాగితం తిరగేసి, వెనక అవ్వ మాట అన్నది అన్నట్టు రాసుకుంది. ‘ఇది ఏ గడిలో వెయ్యాలి సార్?’ అని నన్నడిగింది. కొత్త గడి గియ్యాలి. అంటే ఎథిక్స్ కమిటీకి మళ్లీ కాగితం పెట్టాలి, ఉన్న రెండు నెలల్లో ఓ వారం దానికే పోతుంది. ఆ సాయంత్రం బస్సు కోసం నిలబడి ఇద్దరం ఆ దరఖాస్తే రాశాం.