విమోచకులా, విజేతలా? 7వ శతాబ్దపు అరబ్బు జయములపై ఒక వాదము – విమర్శ

క్రీ.శ. 636లో యర్మూకు వద్ద ఓడిన బైజంటైను సామ్రాజ్యము కొద్ది కాలములోనే సిరియాను, 642 నాటికి ఐగుప్తును కోల్పోయింది. పారసీక సస్సానీయ రాజ్యమైతే 651లో మూడవ యజ్దగర్దు హత్యతో అంతరించింది. 602 నుండి 628 వరకు ఒకరితో ఒకరు పోరాడి అలసిన సామ్రాజ్యములివి. అయితే సంఘచరిత్ర బోధనలో మరొక కారణము తరచుగా వినబడుతుంది: కల్కెదోను సభ (451) నిర్ణయమును అంగీకరించని సిరియా, కోప్తు క్రైస్తవులు చక్రవర్తి పెట్టిన హింసలకు విసిగి అరబ్బులను విమోచకులుగా స్వాగతించారట. ఈ వాదము నిలువదని మా అభిప్రాయము.

దీనికి ఎక్కువగా చూపబడే సాక్షి సిరియా సంఘపు పాట్రియార్కు మిఖాయేలు. రోమీయుల చేతిలోనుండి తమను విడిపించుటకు దేవుడే ఇష్మాయేలీయులను రప్పించాడని ఆయన భావము. కాని ఆయన మరణించింది 1199లో. ఆయన ఆధారపడిన తెల్మహ్రే దియొనీసియు కూడా 9వ శతాబ్దమువాడే. తరతరములు ముస్లిము పాలనలో జీవించిన సంఘము తన గతమును ఎలా అర్థము చేసుకొన్నదో వీరి వలన తెలుస్తుంది గాని, 636లో విశ్వాసుల మనస్సులో ఏమున్నదో తెలియదు.

నికియు బిషప్పు యోహాను ఆ 7వ శతాబ్దమువాడే, పైగా కల్కెదోనుకు విరోధి. ఈ వాదమే నిజమైతే అందరికంటె ఆనందించవలసినవాడు ఆయన. హెరాక్లియు చక్రవర్తి, ఆయన నియమించిన పాట్రియార్కు కూరు చేసిన హింసల వలననే ఈ శిక్ష వచ్చిందని ఆయన అంటాడు. అయినను నికియు పట్టణములో వీధులలోను దేవాలయములలోను స్త్రీలను, పసిపిల్లలను సహితము చంపారని వ్రాస్తాడు. పన్నుల భారమును ఫరో మోపిన కాడితో పోలుస్తాడు. సేనాని అమ్రు సంఘపు ఆస్తిని ముట్టుకోలేదని కూడా ఒప్పుకుంటాడు. దాగియున్న కోప్తు పాట్రియార్కు బెన్యామీను అమ్రు అభయముతో తిరిగి వచ్చిన మాట వాస్తవమే; ఆ సంఘమునకు కొంత ఊరట కలిగింది. అయితే యోహాను దీనిని శిక్ష అన్నాడే గాని విమోచన అనలేదు. (ఆయన గ్రంథము 1602 నాటి గీజు అనువాదముగానే మిగిలింది గనుక ఒక్కొక్క పదముపై ఎక్కువ భారము మోపరాదు.)

పారసీక దేశము వైపు మూడవ ఈషోయాబు లేఖలు ఇంకను విలువైనవి. ఈయన 649 నుండి 659 వరకు తూర్పు సంఘమునకు కాథలికోసు. అరబ్బులు మన విశ్వాసముతో పోరాడుటలేదు, మఠములకు సహాయము చేస్తున్నారు అని రేవార్దషీరు మెత్రోపాలితుడైన షిమోనుకు వ్రాస్తూనే, మాజూను (నేటి ఒమాను ప్రాంతము) క్రైస్తవుల విషయమై దుఃఖిస్తాడు. వారు ఖడ్గమునకు భయపడి కాక, ఆస్తిలో సగము నిలుపుకొనుటకు విశ్వాసమును విడిచారట. ఇస్లాము కత్తితోనే వ్యాపించిందని ప్రసంగించే కాపరులకు, క్రైస్తవులందరు దానిని సంతోషముగా ఆహ్వానించారని వ్రాసే పండితులకు ఈ లేఖ సమానముగా ఇబ్బంది కలిగిస్తుంది.

షిమోనుతో ఈషోయాబుకు మరొక తగవు కూడా ఉన్నది. రేవార్దషీరువారు కాథలికోసు అధికారమును ధిక్కరించుట వలన ఇండియాలోని సంఘములకు బిషప్పులు అందకపోతున్నారని ఆయన ఫిర్యాదు. పారసీక రాజ్యము కూలిపోయిన రోజులలో కూడా ఆయన లేఖలలో ఎక్కువ వేడి కనబడేది ఈ తగవులోనే.