విప్పి చూసే చెయ్యి

రామనగుడలో మిక్సీ మొరాయిస్తే గుణుపురం దాకా మోసుకెళ్లకుండా ఇంట్లోనే విప్పి చూసుకునేవాళ్లంటే నాకెంతో గౌరవం. ముందు ప్లగ్గు పీకేస్తారు. లోడు ఎక్కువై ఆగిందనిపిస్తే కాసేపు చల్లారనిచ్చి, అడుగునున్న ఎర్ర బటన్ నొక్కుతారు. మోటారు హోరెత్తుతున్నా జార్‌లో బ్లేడు కదలట్లేదా, ఆ రెంటినీ కలిపే కప్లర్ పళ్లు అరిగినట్టే. అసలు పనితనం ఇక్కడుంది: అడుగు నుంచి షాఫ్టును స్క్రూడ్రైవరుతో కదలకుండా పట్టి, కప్లర్‌ను గడియారం ముళ్లు తిరిగే వైపు తిప్పి ఊడదీస్తారు. చాలా మిక్సీలకు మర మామూలుకు ఎదురు దిశలో ఉంటుంది, మోటారు తిరిగేకొద్దీ బిగుసుకోవాలి కదా! నిప్పురవ్వలు బాగా ఎగసి కమురు వాసనొస్తే మాత్రం కార్బన్ బ్రష్షులు చూడాలి. అరిగితే రెండూ ఒకేసారి మార్చేస్తారు. పిండి రుబ్బి ఇడ్లీలమ్మే ఇల్లాలికి తెల్లారి బేరం పోదు, చేతిలో డబ్బులూ మిగులుతాయి.