తెల్ల ఏనుగు, కమ్మరి సూదులు

ఖర్చేగాని ఫలితం లేని ప్రభుత్వ సంస్థలను మన పత్రికలు ‘తెల్ల ఏనుగులు’ అంటుంటాయి. ఇది ఇంగ్లీషు ‘వైట్ ఎలిఫెంట్’కు మక్కీకి మక్కీ అనువాదం. సయాం రాజు తనకు గిట్టని కొలువుకాండ్రకు తెల్ల ఏనుగును బహూకరించి, మేపలేక చితికిపోయేటట్లు చేసేవాడన్న కథ దీనికి మూలమంటారు. ఆ కథ తెలియని తెలుగువానికి తెల్ల ఏనుగంటే ఐరావతమే. పైగా మన సామెతలో ఏనుగు చచ్చినా వెయ్యి, బ్రతికినా వెయ్యి. విలువకు గుర్తయిన జంతువును దండుగకు గుర్తు చేస్తే అర్థం ఎదురు తిరుగుతుంది. ‘గుదిబండ’ మేలు. పశువు మెడకు కట్టే ఆ దుంగకు మేపుడు ఖర్చు లేదు నిజమే, కాని బరువు పాఠకునికి వెంటనే తెలుస్తుంది.

‘కోల్స్ టు న్యూకాసిల్’తో చిక్కు వేరు. విద్యార్థులు దీనికి ‘బూడిదలో పోసిన పన్నీరు’ అని వ్రాస్తున్నారు. ఒకప్పుడు బొగ్గు ఎగుమతికి పేరుపడ్డ ఊరది. అక్కడికి మోసిన బొగ్గు చెడిపోలేదు, అక్కరకు రాలేదంతే. బూడిదలో పన్నీరు మళ్ళీ చేతికి రాదు. ఏట్లో పిసికిన చింతపండూ అంతే. న్యూకాసిల్‌కు సరియైన జోడు ‘కమ్మరి వీధిలో సూదులమ్మినట్లు’. తమిళ సామెతలోనూ కొల్లన్ వీధిలో అమ్మేది సూదులే. హోసూరు, కోయంబత్తూరు విద్యార్థుల చెవిని ఇది పడే ఉంటుంది. అయినా, అరవవాసన కొడుతుందేమోనని జంకి, పత్రికలో చూచిన మాటనే వ్రాస్తారు. (పత్రికల వారికి ఆ జంకు ఇంగ్లీషు దగ్గర కలగదు!) నేను దిద్దే జవాబు పత్రాలలో మాత్రం మార్కులు సూదులకే.