ఊరి జాబితా, సర్కారు నక్షా

హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల రేపటి రూపం గురించి ఏడాదిన్నర తేడాతో రెండు ప్రయత్నాలు జరిగాయి. 2013 జనవరిలో హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) 2031 మాస్టర్ ప్లాన్ వచ్చింది. 2014 జులైలో కొత్త తెలంగాణ ప్రభుత్వం ‘మన ఊరు – మన ప్రణాళిక’ మొదలుపెట్టింది. ఈ రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చూడాల్సిన అవసరం కొంగరకలాన్ లాంటి ఊళ్లకే ఎక్కువ. ఔటర్ రింగు రోడ్డుకు దగ్గరగా ఉన్న ఈ ఊళ్లో 2022 ఆగస్టులో రంగారెడ్డి జిల్లా కలెక్టరేట్ ప్రారంభమైంది. 2023 మేలో ఫాక్స్‌కాన్ పరిశ్రమకు శంకుస్థాపన జరిగింది. పంచాయతీగా ఉన్న ఊరు ఆదిబట్ల పురపాలికలో కలిసింది. ఇంత మార్పు మీద పడుతున్నప్పుడు ఊరివాళ్ల మాట ఎక్కడ నమోదవుతుందన్నదే నా ప్రశ్న.

‘మన ఊరు – మన ప్రణాళిక’లో ఆ మాట ఉంది. తాగునీరు, బడి, మురుగు కాలువ, శ్మశానవాటిక వంటి అవసరాల్లో ఏది ముందో గ్రామసభలో తేల్చుకుని మండలానికి, అక్కణ్నుంచి జిల్లాకు పంపడం దాని పద్ధతి. ఆఫీసులో తయారయ్యే పథకం కన్నా ఇది ఎంతో మేలు. అయితే అది చివరికి జాబితాగానే మిగిలింది. జాబితాలో అవసరం కనిపిస్తుంది, జాగా కనిపించదు. కుంటలోకి వాన నీరు ఏ సర్వే నంబర్ల మీదుగా వస్తుంది? ఊరు రెండింతలైతే బడికి స్థలమేది? కట్టినదాన్ని నడిపే ఖర్చెవరిది? వీటి జోలికి పోకపోవడంతో అడగడం ఊరి వంతు, ఇవ్వడం పైవాళ్ల దయ అయింది.

మాస్టర్ ప్లాన్ బలం సరిగ్గా అక్కడే ఉంది. 5,900 చదరపు కిలోమీటర్లకు పైబడిన ప్రాంతాన్ని అది ఒక్కటిగా చూసింది. చెరువుల గొలుసు ఊరి పొలిమేర దగ్గర ఆగదు, రోడ్డూ ఆగదు. ఆ చూపు ఒక్క ఊరికి ఉండదు. కానీ ఆ నక్షాలో మనుషులు లేరు. ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు అడగాలని చట్టం చెబుతుంది, నిజమే. నక్షాలో తన చెలక ఏ రంగు జోన్‌లో పడిందో పోల్చుకోలేని రైతు ఏ అభ్యంతరం రాయగలడు? కిరాయి గదిలో ఉండే కార్మికురాలికి ఆ కాగితం సంగతి ఎవరు చెబుతారు?

ఈ రెండింటినీ కొలవడానికి వరంగల్ జిల్లా గీసుకొండ మండలంలోని గంగదేవిపల్లి పనికొస్తుంది. 1994లో విడి పంచాయతీ అయిన ఆ ఊరు ఒక్కో పనికి ఒక్కో కమిటీ వేసుకుంది. బాలవికాస సంస్థ తోడ్పాటుతో, తమ వాటా తాము వేసుకుని మంచినీటి వసతి కట్టుకుంది. నిర్ణయం, ఖర్చు, నిర్వహణ మూడూ ఒకే చేతుల్లో ఉండటంతో అది నిలబడింది. కానీ అది ఒకరినొకరు ఎరిగిన చిన్న ఊరు. భూమి ధర రోజుకో రకంగా ఉండే నగర శివారుకు ఆ నమూనా అలాగే సరిపోదు.

శివారుకు కావలసింది ఊరివాళ్లే గీసుకున్న నక్షా. 2019 పురపాలక చట్టం ప్రతి వార్డుకూ యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు ఉండాలంది. ఆ కమిటీలు రెవెన్యూ గ్రామ నక్షా ముందేసుకుని చెరువు శిఖం, నాలాలు, బండ్లబాటలు, సర్కారు భూమి, శ్మశానం ఎక్కడెక్కడున్నాయో కాలినడకన తిరిగి గుర్తించాలి. పాత కాపులతో పాటు కొత్త కాలనీలవాళ్లు, కిరాయిదార్లు, పశువుల కాపరులు కూడా ఆ నడకలో ఉండాలి. ముట్టుకోకూడని చోట్లను ముందు తేల్చి, రాబోయే బడికీ దవాఖానకూ బస్టాపుకూ జాగాలు తర్వాత గుర్తు పెట్టాలి. ప్రతి పని పక్కన ఖర్చు, గడువు, చూసుకునే కమిటీ పేరు రాయాలి.

అంత చేసినా ఆ కాగితానికి చట్టబలం లేకపోతే అది మరో జాబితా అవుతుంది. ఊరు గీసిన గీతను మాస్టర్ ప్లాన్ కాదంటే, ఎందుకు కాదన్నదో అధికారులు తెలుగులో, రాతపూర్వకంగా వార్డు సభ ముందు చెప్పితీరాలి. ఆ బాధ్యత చట్టంలోకి ఎక్కిన తర్వాతే ప్రజల ప్రణాళిక అన్న మాట నమ్మదగినదవుతుంది.