పాఠం చెబుతూ పదునెక్కిన కన్ను

త్రికోణాసనం చేయించేటప్పుడు చాలాచోట్ల వినిపించే మాట ఒక్కటే: కాళ్లు ఎడంగా పెట్టండి, పక్కకు వంగండి, చేత్తో పాదం అందుకోండి. చెయ్యి పాదానికి తగిలిందంటే ఆసనం వచ్చేసినట్టేనని చేసేవాళ్లూ అనుకుంటారు, చేయించేవాళ్లూ అనుకుంటారు. బి.కె.ఎస్. అయ్యంగార్ పద్ధతిలో చేతి సంగతి చిట్టచివర్న వస్తుంది. ముందు వెనక కాలి మడమ చూడాలి. దాని బయటి అంచు నేలకు ఆనిందా, లేచిపోయిందా? ఆ తర్వాత ముందు కాలి మోకాలి చిప్ప. అది కాలివేళ్ల వైపే ఉందా, లోపలికి తిరిగిపోయిందా? తొడ కండరం ఆ చిప్పను పైకి లాగి పట్టుకుందా? ఇవన్నీ కుదిరాకే నడుము పక్కకు సాగాలి. వంగిన తర్వాత కూడా చూపు ఛాతీ మీదే ఉండాలి. ఛాతీ నేల వైపు వాలిపోతే పాదం అందినా ఒకటే, అందకపోయినా ఒకటే.

ఇక్కడే ఇటుక పని మొదలవుతుంది. పాదం అందనివాడు మిగిలిన ఆ నాలుగంగుళాల కోసం మోకాలు వంచేస్తాడు, ఛాతీ దించేస్తాడు, ఊపిరి బిగబట్టేస్తాడు. అరచేతి కింద ఒక్క ఇటుక నిలబెడితే మూడు తప్పులూ ఒక్కసారే సర్దుకుంటాయి. మనిషిని నేల దాకా దించడానికి తంటాలు పడకుండా, నేలనే మనిషి దగ్గరికి ఎత్తిన ఆ తెలివికి ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువే. కాళ్లకు చుట్టే పట్టీలు, గోడకు బిగించిన తాళ్లు, మడత దుప్పట్లు, బాలీసులు, వీపు పలక తీసేసిన మడత కుర్చీలు ఇవాళ దేశదేశాల యోగా హాళ్లలో కనిపిస్తున్నాయంటే ఆ ఘనత చాలావరకు ఆయనదే.

తప్పును ఇంత సూక్ష్మంగా పట్టే ఆ కన్ను ఆయనకు ఎక్కడిది? పుట్టుకతో వచ్చింది కాదు, గురువు ఇచ్చిందీ కాదు. 1918 డిసెంబర్ 14న కోలార్ జిల్లా బెల్లూరులో, ఇన్‌ఫ్లుయెంజా ఊళ్లను ఊడ్చేస్తున్న రోజుల్లో పుట్టారు. మలేరియా, టైఫాయిడ్, క్షయ వరసగా పట్టి పీడించాయి. పదిహేనేళ్ల వయసులో మైసూరులో ఉన్న అక్కాబావల పంచన చేరారు. ఆ బావగారే తిరుమలై కృష్ణమాచార్య. మైసూరు మహారాజు ఆదరణలో జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల నడుపుతున్న మహా పండితుడు. కోపిష్టి కూడా. చెయ్యి అంటే చెయ్యాలి. ఎలాగో విడమరిచి చెప్పడం ఉండదు.

1937లో పుణె డెక్కన్ జింఖానాకు ఒక యోగా మాస్టారు కావాల్సివచ్చినప్పుడు, కాస్తో కూస్తో ఇంగ్లీషు వచ్చు కదా అని ఈ కుర్రాణ్ణి పంపారు, ఆర్నెల్ల కోసం. పద్దెనిమిదేళ్లు. మరాఠీ రాదు. ఎదుట నిలబడ్డవాళ్లలో తనకన్నా పెద్దవాళ్లు, తనకన్నా కండబలం ఉన్నవాళ్లు ఎందరో. ఆసనం చేసి చూపించగలడు గానీ వాళ్లకు ఎందుకు రావడం లేదో చెప్పలేడు. చెప్పలేకపోవడమే ఆయన్ని బతికించిందని నా నమ్మకం. రోజూ గంటల తరబడి తన ఒంటి మీద తానే ప్రయోగాలు చేసుకునేవారు. తరగతిలో వాళ్ల ఒళ్లు ఎక్కడ మొరాయిస్తోందో చూసి, ఇంటికొచ్చి అదే చోట తన ఒంట్లో ఏం జరుగుతోందో వెతుక్కునేవారు. తిండికి కూడా కటకటగా గడిచిన రోజులవి. ఆర్నెల్లకు వచ్చిన మనిషికి చివరిదాకా పుణెయే ఊరైంది.

యోగా నేర్పేవాళ్లకు ఏం దక్కుతుందంటే ఆరోగ్యం, మనశ్శాంతి, నలుగురికి మేలు చేశామన్న తృప్తి అని చదివేస్తారు. అవి శిష్యుడికీ దక్కేవే. మాస్టారుకు మాత్రమే దక్కేది ఇంకొకటి ఉంది. మనకు అలవోకగా వచ్చే ఆసనం గురించి మనం ఆలోచించం. ఎదుటి మనిషికి రానప్పుడే, అసలు మనకెలా వస్తోందన్న ప్రశ్న పుడుతుంది. శిష్యుడి బిగుసుకున్న భుజం మాస్టారుకు తన భుజాన్ని చూపిస్తుంది. ఒంటరిగా ఎన్నేళ్లు సాధన చేసినా ఈ ప్రశ్న ఎదురుకాకపోవచ్చు.

1952లో బొంబాయికి వచ్చిన వయొలిన్ విద్వాంసుడు యెహూది మెనుహిన్ సంగతే చూడండి. ఒళ్లు అలిసిపోయి ఉంది, నిద్ర సరిగా లేదు. అయ్యంగార్‌కు ఇచ్చిన సమయం ఐదు నిమిషాలు. ఆయన కొత్త ఆసనాలేవీ చూపించలేదు. వెల్లకిలా పడుకోబెట్టి, వేళ్లతో చెవులూ కళ్లూ మూసే షణ్ముఖీ ముద్ర వేశారు. మెనుహిన్ నిద్రపోయాడు. ఐదు నిమిషాలనుకున్నది మూడు గంటలు దాటింది. ఈ మనిషికి ఇప్పుడు కావాల్సింది వ్యాయామం కాదు, విశ్రాంతి అని ఒక్క చూపులో పసిగట్టడమే అక్కడి పనితనం. 1954లో మెనుహిన్ ఆయన్ని స్విట్జర్లాండ్‌కు పిలిపించుకున్నాడు, ఒక చేతి గడియారం బహూకరించాడు. దాని వెనక చెక్కించిన మాటల్లో అయ్యంగార్‌ను తన అత్యుత్తమ వయొలిన్ గురువన్నాడు. వయొలిన్ పట్టని మనిషికి అంతకన్నా పెద్ద జీతం ఏముంటుంది! మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి కూడా ఆయన దగ్గర ఆసనాలు నేర్చుకున్నారు. గురువే అక్కర్లేదని లోకమంతా తిరిగి చెప్పిన మనిషి మోకాళ్ల విషయంలో ఒక గురువు మాట విన్నారు. ఎనభై దాటిన బెల్జియం రాజమాత ఎలిజబెత్ శీర్షాసనమే కావాలని పట్టుబడితే అదీ నేర్పారు.

పేరున్న శిష్యుల జాబితా ఇంకా పెద్దదే, దాన్ని వదిలేద్దాం. నాకు ముఖ్యంగా తోచేది భార్య రమామణి. 1943లో పెళ్లయ్యేనాటికి ఆమెకు యోగా తెలియదు. ఆయనే నేర్పారు. ఆ తర్వాత ఆయన సాధనలో ఎక్కడ పట్టుకోవాలో, ఎక్కడ నొక్కాలో ఆమె చూసుకునేది. పుణెలో 1975లో తెరిచిన యోగా సంస్థకు, రెండేళ్ల ముందే కన్నుమూసిన ఆమె పేరే పెట్టారు.

1966లో వచ్చిన ‘లైట్ ఆన్ యోగా’లోనూ ఇదే చూపు కనిపిస్తుంది. 200 ఆసనాలు, 600కు దగ్గరగా ఫొటోలు. ప్రతి ఆసనం పక్కనా అది ఎంత కష్టమో చెప్పే అంకె ఒకటి నుంచి అరవై దాకా. వెనక పేజీల్లో వారం వారం ఏం చేయాలో దాదాపు 300 వారాలకు ప్రణాళిక. అంకె వేయాలంటే, తనకు అన్నీ సులువైపోయిన మనిషి రాని మనిషి ఒంట్లోకి దూరి ఆలోచించాలి.

ఆయన దగ్గర అన్నీ మెచ్చుకోదగ్గవే అనను. తరగతిలో గొంతు పిడుగులా పడేది, చెయ్యి కూడా పడేది. శిష్యులు దాన్ని ప్రేమగానే చెప్పుకున్నారు గానీ, అంత సూక్ష్మంగా చూడగలిగిన మనిషికి ఆ చరుపు అవసరమా అన్న సందేహం నాకు పోలేదు. గురువు దగ్గరి నుంచి తెచ్చుకున్నవాటిలో వదిలేయాల్సింది అదొక్కటి ఉండిపోయింది.

1979లో స్కూటర్ ప్రమాదం అరవయ్యేళ్ల ఒంటిని కకావికలు చేసింది. వెన్ను, భుజం, మోకాళ్లు దెబ్బతిన్నాయి. చిన్న చిన్న ఆసనాల నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సివచ్చింది. అప్పటిదాకా రోగులకు అమర్చిన కుర్చీలు, తాళ్లు, బాలీసులు ఇప్పుడు ఆయన కిందికే వచ్చాయి. నలభై ఏళ్లు ఇతరుల ఒళ్లలో చదివిన పాఠం తన ఒంటికి అక్కరకొచ్చింది. మాస్టారు ఉద్యోగానికి ఇంతకు మించిన పింఛను నాకు తెలియదు.

ఇప్పుడు 200 గంటల కోర్సు పూర్తిచేస్తే యోగా టీచర్ సర్టిఫికెట్ వస్తుంది. కొందరు దాన్ని ఒక్క నెలలో ముగించేస్తున్నారు. అయ్యంగార్ పద్ధతిలో ఏళ్ల తరబడి విద్యార్థిగా ఉన్నాకే టీచర్ పరీక్ష. ఎందుకో అర్థం కావాలంటే చిన్న విషయం చాలు. తరగతికి ఎదురుగా నిలబడ్డ మాస్టారు “కుడి కాలు తిప్పండి” అంటూ తన ఎడమ కాలు తిప్పాలి, చూసేవాళ్లకు అద్దంలా ఉండాలి కదా. అలా చేస్తూ, మాట తడబడకుండా, మూడో వరసలో ఎవరి మడమ లేచిందో కనిపెట్టాలి. ఆసనం ఒంటికి పట్టి, ఇక దాని గురించి తలుచుకోనక్కర్లేని దశకు వస్తేనే కళ్లు ఎదుటివాళ్ల కోసం ఖాళీ అవుతాయి.

తొంభై దాటాక తరగతి చెప్పే పని చాలావరకు మనవరాలు అభిజాతకు వెళ్లింది. ఆయన అదే హాల్లో తన సాధన తాను చేసుకునేవారు. కుర్చీ మీద వెనక్కి వంగి తలకిందులుగా ఉండి కూడా తరగతిలో తప్పు కనబడితే ఆగలేకపోయేవారు. ఏం చెప్పాలో అభిజాతకు చెప్పేవారు, ఆమె దాన్ని అందరికీ వినిపించేది. 2014 ఆగస్టులో పోయేదాకా వెతుకులాట ఆగలేదు. ఏళ్లుగా వస్తున్న విద్యార్థులకు కూడా బాగా తెలుసనుకున్న త్రికోణాసనంలోనే కొత్త సూచన వినిపించేది, తరగతి అయ్యాక నోట్‌బుక్కులు తీసి మళ్లీ రాసుకునేవాళ్లు.