డిజిటల్ చదువులు: బడి ఎవరింటికి వచ్చింది?

కంప్యూటరుకు కులం లేదని ఈ మధ్య చాలామంది మాకు చెబుతున్నారు. మీట నొక్కిన వేలు ఎవరిదో మిషనుకు తెలియదనీ, తెర మీది పాఠం పటేలు కొడుక్కీ పాలేరు కొడుక్కీ ఒకే తీరుగా కనపడుతుందనీ వాళ్ల వాదన. ఇందులో అబద్ధమేమీ లేదు. ఆ మాటకొస్తే నీళ్లకూ కులం లేదు. కులం బావికుంది, చేదకుంది, చేద పట్టుకున్న చేతికుంది.

అంబేద్కర్ తన చిన్ననాటి బడి గురించి 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్నారు. బడిలో కుళాయి ఉంది, అందులో నీళ్లూ ఉన్నాయి. కానీ అంటరాని పిల్లవాడు దాన్ని తనంతట తాను తిప్పుకోకూడదు, ప్యూను వచ్చి తిప్పాలి. ప్యూను రాకపోతే ఆ పూట దాహమే. ఆ బడిని ఇవాళ లెక్కేస్తే 'తాగునీటి సౌకర్యం ఉన్న బడి' అనే రాసుకుంటారు గదా! ఇప్పుడు బళ్లల్లో ఇంటర్నెట్ లెక్కలు ఇట్లాగే నడుస్తున్నాయి. కేంద్ర విద్యాశాఖ యుడైస్ లెక్క ప్రకారం 2021-22లో దేశంలో ఇంటర్నెట్ ఉన్న బళ్లు నూటికి 33.9. 2024-25 నాటికి అవి 63.5 అయ్యాయి. యునెస్కో 2023 నివేదిక చూస్తే, ప్రపంచం మొత్తం మీద ప్రాథమిక పాఠశాలల్లో నూటికి 40కి మాత్రమే ఇంటర్నెట్ ఉంది. దాని పక్కన మన అంకె ఘనంగానే కనపడుతుంది. అయితే ఈ అంకెలన్నీ కుళాయి ఉందా లేదా అని అడిగినవే. తిప్పేదెవరు అని ఏ ఫారమూ అడగదు.

కంప్యూటరు గదికి తాళం వేసే హెడ్మాస్టరును దుర్మార్గుడని తిట్టి ఊరుకోవటం తేలిక. సంగతి అంత తేలిక కాదు. ప్రతి మిషనూ స్టాకు రిజిస్టరులో ఆయన సంతకం మీద ఉంటుంది. అది పాడైతే సంజాయిషీ చెప్పుకోవాల్సిందీ ఆయనే. కాబట్టి వాడకపోతే ఏ చిక్కూ లేదు, వాడితేనే చిక్కు. సైన్సు గదిలో సూక్ష్మదర్శిని బీరువాలోనే ముసలిదైపోయినట్టు కంప్యూటరు కూడా దుమ్ముగుడ్డ కింద ముసలిదవుతుంది. అయినా తాళం తీసిన రోజున మొదట పిలుపు ఎవరికొస్తుంది? 'చెయ్యి తిరిగిన' పిల్లలకు. ఇంట్లో ముందే మిషను చూసినవాడికి చెయ్యి తిరుగుతుంది, చూడనివాడు వెనక నిలబడతాడు. దీన్ని కులవివక్ష అని ఎవరూ అనరు, ప్రతిభ అంటారు.

ఈ విషయం మీద మేం రెండు రకాల వాళ్లతో తగువు పడాల్సి వస్తోంది. మొదటివాళ్లు మన పక్కనే కూర్చునే అభ్యుదయ విమర్శకులు. మరుగుదొడ్లు లేని బడికి ట్యాబులెందుకు, ముందు గోడలు కట్టండి, తెరలు తర్వాత అంటారు. వినటానికి పేదల పక్షమే. కానీ 'ముందు ఇది, తర్వాత అది' అనే వరస మా పిల్లల విషయంలోనే ఎందుకొస్తుంది? ఈ మాట రాసే పెద్దమనుషుల పిల్లలకు మరుగుదొడ్డీ కంప్యూటరూ ఒకేరోజు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో సర్కారు బళ్లల్లో ఇంగ్లీషు మీడియం పెడతానని జీవో ఇచ్చినప్పుడు కూడా ఇదే జరిగింది. తమ పిల్లల్ని ఇంగ్లీషులో చదివించుకుంటున్నవాళ్లే మా పిల్లలకు మాతృభాష మాధుర్యం గురించి చెప్పారు. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోలను కొట్టేసింది. మాతృభాషలో బోధన పిల్లలకు సులువన్న మాటకు శాస్త్రీయమైన బలం ఉంది, మేం కాదనం. ఆ బలం మా వాడ గుమ్మం దగ్గరే గుర్తుకు రావటమే మా అభ్యంతరం. ట్యాబు మీద పరిహాసాన్ని కూడా మేం అట్లాగే చూస్తున్నాం.

రెండోవాళ్లు మిషను మతంవాళ్లు. వీళ్ల పురాణంలో టీచరు అక్కర్లేదు. 1999లో ఢిల్లీ కాల్కాజీ మురికివాడ పక్కన సుగతా మిత్రా గోడకు కన్నం చేసి కంప్యూటరు పెట్టారు. పిల్లలు తమంతట తాము నేర్చుకుంటారన్నారు. 2013లో అదే ఆలోచనకు పది లక్షల డాలర్ల టెడ్ బహుమతి వచ్చింది. ఆ కన్నాల్లో ఒకదాన్ని వెళ్లి చూసిన మార్క్ వార్షావర్ అనే పరిశోధకుడు మాత్రం ఇంటర్నెట్ సరిగా పనిచెయ్యలేదనీ, హిందీలో పనికొచ్చే పాఠాలు లేవనీ, పిల్లలు ఎక్కువగా ఆటలకూ బొమ్మలకే వాడుకున్నారనీ రాశాడు. కన్నం చుట్టూ మూగిన గుంపులో మిషను మీద చెయ్యి ఎవరిదో, వెనక మునివేళ్ల మీద నిలబడ్డదెవరో మాకు చూడకుండానే తెలుసు.

2005లో నికొలస్ నెగ్రొపాంటే వంద డాలర్ల ల్యాప్‌టాప్ అన్నాడు. పిల్లవాడికొకటి చొప్పున పంచితే చాలన్నాడు. 2006లోనే మన దేశపు విద్యాశాఖ వద్దంది. పెరూ దేశం మాత్రం 8 లక్షలకు పైగా కొని అండీస్ కొండల పల్లెలదాకా పంపింది. అంతర-అమెరికా అభివృద్ధి బ్యాంకు పరిశోధకులు అక్కడి 319 గ్రామీణ బళ్లను పరిశీలించి 2012లో ఫలితం చెప్పారు. లెక్కల్లో, భాషలో పిల్లల చదువు పెరిగిన గుర్తులేదు. ఆలోచనాశక్తి పరీక్షల్లో మాత్రం కొంత మెరుగు కనపడింది. చాలా బళ్లల్లో ఇంటర్నెట్టే లేదు, టీచర్లకు తర్ఫీదు అంతంతమాత్రం. ఉరుగ్వే 2007లో అదే ల్యాప్‌టాప్‌తో మొదలుపెట్టినా బళ్లకు ఇంటర్నెట్ లైను వెయ్యటం కూడా ఆ పథకంలో భాగం చేసుకుంది. పెట్టె ఒకటే, దాని చుట్టూ వేసిన ఏర్పాటు వేరు.

జ్యోతిబా ఫూలే 1882లో హంటర్ కమిషన్‌కు ఇచ్చిన విజ్ఞాపనలో డబ్బు ఎటు పోతోందన్న ప్రశ్నతోపాటు ఇంకొకటి కూడా అడిగాడు: పాఠం చెప్పేదెవరు? ప్రాథమిక బళ్లకు టీచర్లు సాధ్యమైనంతవరకు సాగుచేసే కులాల నుంచే రావాలన్నాడు. పిల్లలతో అంటూముట్టూ లేకుండా కలిసిపోయేవాళ్లు కావాలని ఆయన లెక్క. టీచరునే తీసెయ్యమనే సిద్ధాంతం దానికి జవాబు కాదు. దళిత టీచరు బళ్లోకి అడుగుపెట్టి ఎన్నాళ్లయిందని, అప్పుడే టీచరు అక్కర్లేదంటున్నారు?

ఇక అసలు సంగతికొస్తాం. 2020 మార్చిలో బళ్లు మూసి, బడిని ఇంటికి పంపుతున్నామన్నారు. ఆ 'ఇల్లు' అనే మాట దగ్గరే మా పేచీ. విధానం రాసినవాడి మనసులో ఉన్న ఇంట్లో బల్ల ఉంది, ఫ్యాను ఉంది, మూసుకోటానికి తలుపుంది, తప్పొస్తే దిద్దటానికి చదువుకున్న తల్లి ఉంది. వాడలో ఇల్లంటే ఒక గది. ఉంటే ఒక ఫోను, అది నాయన చొక్కా జేబులో కూలికి పోతుంది. రాత్రి తిరిగొచ్చేసరికి ఛార్జింగు ఉండదు, రీఛార్జి అయిపోయి ఉంటుంది. కరోనాకు ముందే 2017-18 జాతీయ నమూనా సర్వే చెప్పింది: పల్లెల్లో కంప్యూటరున్న ఇళ్లు నూటికి 4.4, ఇంటర్నెట్ సౌకర్యమున్నవి 14.9. ఈ లెక్క చేతిలో పెట్టుకునే ఇంటికి పంపారు.

2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. ఫోను లేనివాళ్లకు టీవీ అన్నమాట. ఆలోచన చెడ్డది కాదు. కానీ ఏ పూట పాఠం ఆ పూటే. ఆ తర్వాత వచ్చేది పత్తి ఏరే కాలం. ఇంటి దగ్గరున్న పిల్ల అంటే అదనంగా రెండు చేతులు. టీవీలో త్రికోణమితి నడుస్తున్నప్పుడు ఆ పిల్ల ఎక్కడుందో పాఠం చెప్పేవాళ్లకు తెలిసే దారి లేదు. బడి బల్ల మీదైతే ఖాళీ కనపడేది, హాజరు పట్టీలో సున్నా పడేది. తెర ముందు లేని పిల్ల ఏ పట్టీలోనూ లేదు.

కేరళను అందరూ ఆదర్శంగా చెబుతారు. అక్కడ 2020 జూన్ 1న ఆన్‌లైన్ తరగతులు మొదలయ్యేనాటికే టీవీగానీ ఫోనుగానీ లేని పిల్లలు రెండున్నర లక్షలకు పైగా ఉన్నారని సర్కారు లెక్కే ఉంది. ఆ మొదటిరోజే మలప్పురం జిల్లాలో ఒక దళిత బాలిక ప్రాణాలు తీసుకుంది. ఇంట్లో టీవీ చెడిపోయింది, ఫోను లేదు. ఆ తర్వాత ఊరూరా టీవీలు పంచారు.

2021 ఆగస్టులో జాఁ ద్రెజ్, రీతికా ఖేరా తదితరులు 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో సుమారు 1400 పేద ఇళ్లు తిరిగి చూశారు. పల్లెల్లో క్రమంగా ఆన్‌లైన్‌లో చదువుతున్న పిల్లలు నూటికి 8 మంది. దీన్ని పత్రికలు రాశాయి. దాని లోపలి అంకెను ఎక్కువమంది పట్టించుకోలేదు: దళిత ఆదివాసీ పిల్లల్లో అది 4, మిగిలిన గ్రామీణ పిల్లల్లో 15. ఒకే పల్లె, ఒకే టవరు, ఒకే సిగ్నలు. ఝార్ఖండ్‌లోని లాతేహార్ జిల్లాలో ఒక ఊళ్లో అగ్రకులపు ఇళ్లవాళ్లు సర్వే బృందంతో దాపరికం లేకుండానే మాట్లాడారట: ఈ పిల్లలు చదువుకుంటే మా పొలాల్లో పని ఎవరు చేస్తారని. దళిత ఆదివాసీ తల్లిదండ్రుల్లో మాత్రం నూటికి 98 మంది బళ్లు వెంటనే తెరవమన్నారు. మనవాళ్లకు చదువు మీద శ్రద్ధ లేదనే పాత పాటకు ఈ ఒక్క అంకె చాలు.

ఇక్కడే హాస్టలు సంగతి చెప్పాలి. మాలో చాలామందిమి సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో పెరిగినవాళ్లమే. పురుగులన్నం, నీళ్ల చారు, ట్రంకు పెట్టె మీద రాత – దాన్ని స్వర్గమని మేం చెప్పం. కానీ అక్కడ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా పిల్లవాడి పొద్దు పిల్లవాడిది. దొరది కాదు, అప్పు ఇచ్చినవాడిది కాదు. బర్రె కాడికి పొమ్మనేవాడు లేడు. దళిత పిల్లలకు హాస్టలు ఇచ్చిన మొదటి వస్తువు అన్నం కాదు, తీరిక. ఇంటికి పంపిన డిజిటల్ బడి లాక్కున్నది సరిగ్గా దాన్నే. తెలంగాణలో 2021 సెప్టెంబరు 1న పగటి బళ్లు తెరిచారు, గురుకులాలు మాత్రం హైకోర్టు స్టే వల్ల అక్టోబరు దాకా మూతబడే ఉన్నాయి. జబ్బు భయం నిజమే. ఆ నెలలన్నీ ఏ పిల్లల ఖాతాలో రాసుకున్నారో కూడా నిజమే.

ఆంధ్రప్రదేశ్ ట్యాబుల పథకాన్ని ఈ వెలుగులోనే చూడాలి. 2022 జూన్‌లో బైజూస్ కంపెనీతో ఒప్పందం, డిసెంబరు 21న పంపిణీ మొదలు. ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి 5 లక్షల 18 వేలకు పైగా ట్యాబులు. పాఠాలు ముందే నింపి ఇచ్చారు గనక ఇంటర్నెట్ లేకున్నా నడుస్తాయి. ఇంగ్లీషు పక్కన తెలుగూ ఉంది. వాడ పిల్ల చేతిలో ఆమె పేరు మీద ఒక మిషను ఉండటం చిన్న సంగతి కాదు. దాన్ని ఓట్ల వస్తువని కొట్టిపారేసేవాళ్లతో మేం లేం. కానీ పాఠం ఎవరిది? సర్కారు టీచరు తయారుచేసింది కాదు, కోచింగు వ్యాపారిది. పాఠ్యపుస్తకంలో అంబేద్కర్ మీద పాఠం తగ్గినా పెరిగినా కొట్లాడటానికి మనకొక బోర్డు ఉంది, కమిటీ ఉంది. కంపెనీ వీడియోలో ఏముందో, ఎవరి ఇల్లు 'మన ఇల్లు'గా చూపించారో అడగటానికి ఏ గుమ్మం ఉంది? 2024 జూలైలో ఆ కంపెనీ దివాలా విచారణలోకి పోయింది. కంపెనీ కూలినా పాఠం నిలిచే ఏర్పాటు ఒప్పందం రాసేరోజే అడగాల్సింది. మనమూ అడగలేదు, పంపిణీలో వాటా గురించే మాట్లాడాం.

ఆడపిల్లల సంగతి ఇంకొంచెం చిక్కు. 2024 అసర్ సర్వేలో, 14-16 ఏళ్ల గ్రామీణ పిల్లల్లో స్మార్ట్‌ఫోను వాడటం తెలిసినవాళ్లను తీసుకుంటే, సొంత ఫోను ఉన్న మగపిల్లలు నూటికి 36.2, ఆడపిల్లలు 26.9. ఇంట్లో ఫోను అన్న చేతిలోకి పోతుంది. హాస్టల్లో వార్డెను పెట్టెలోకి పోతుంది. ఈ రెండోదాని మీద కేరళలో ఫహీమా షిరిన్ అనే విద్యార్థిని కోర్టుకెక్కింది. హాస్టల్లో సాయంత్రం పూట ఫోను వాడొద్దన్నందుకు ఎదురు తిరిగితే బయటికి పంపారు. ఇంటర్నెట్ అందుబాటు చదువు హక్కులోనూ, వ్యక్తిగత గోప్యత హక్కులోనూ భాగమని 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు చెప్పింది. అది డిగ్రీ కాలేజీ హాస్టలు తీర్పు, పదో తరగతి పిల్లలకు యథాతథంగా అతకదు. చిన్నపిల్లల చేతికి రాత్రంతా ఫోను ఇవ్వమని మేమూ అనం. కానీ హాస్టలూ ఇంటర్నెట్టూ చదువూ మూడూ ఒకే వాక్యంలో హక్కుగా పలికిన తీర్పు మన చేతిలో ఉంది. మెస్ ఛార్జీల కోసం రోడ్డెక్కిన మన విద్యార్థి సంఘాల కరపత్రాల్లో అది ఇంకా కనపడటం లేదు.

మా వాదన ఇంతే: ఇంటర్నెట్ రావాలి, వాడకూ రావాలి, అయితే ముందు బడిలోకీ హాస్టల్లోకీ రావాలి, పక్కన టీచరుతో, రాత్రి చదువు గంటలో. ఇంటికి తర్వాత రానివ్వండి. ఇప్పుడు మా ముందున్న పని అన్ని హాస్టళ్లూ తిరిగి యుడైస్ ఫారం అడగనివి అడగటం. కంప్యూటరు గది తాళంచెవి ఎవరి దగ్గరుంది? నిన్న సాయంత్రం అది తెరిచారా? మిషను ముందు కూర్చున్నదెవరు, వాళ్ల పేర్లేమిటి, ఏ వాడ? వెనక నిలబడ్డదెవరు? చెడిపోయినప్పుడు ఎన్ని రోజులకు బాగుచేశారు, డబ్బు ఎవరిచ్చారు? జిల్లాల్లో పనిచేసే మిత్రులు, హాస్టలు పిల్లలు, టీచర్లు ఈ ప్రశ్నలు చేతిరాతతో రాసుకుని తీసుకుపోయినా చాలు. జవాబులు హాస్టలు పేరు, తేదీ వేసి మాకు పంపండి.